తపాలా పెట్టెకు నలభై అడుగులు

కల్లియో రేవు, మిషిగన్
2021 ఫిబ్రవరి 16

కైసా పిల్లకి సైమా పెద్దమ్మ రాస్తున్నది.

నాకు ఫోన్ చేసి చేసి నీకు విసుగొచ్చి ఉంటుంది. అది మోగుతోందని కుక్క చెబితే నేను ఎత్తుతాను. అవతల నువ్వు ఏమంటున్నావో సగం కూడా నా చెవికి ఎక్కదు. కొత్త చెవి మిషను పెట్టుకున్నా ఫోన్లో మాట మాత్రం కంకర రాళ్లు దొర్లినట్టే ఉంది. అందుకని ఉత్తరాలే మనకు గతి.

ముందు అసలు సంగతి. నీ పన్ను రిటర్ను శుక్రవారం వెళ్లింది. ఈ ఏడాది పన్నెండో తేదీ నుంచే తీసుకుంటామని పన్నులవాళ్లు అన్నారు, పన్నెండునే పంపాను. దారి చివర తపాలా పెట్టెలో కవరు పెట్టి, తీసుకెళ్లాల్సింది ఉందని గుర్తుగా దాని ఎర్ర జెండా ఎత్తి వచ్చాను. తపాలా డేల్ వచ్చి తీసుకెళ్లాడు. ముప్పై ఏడేళ్లుగా ఈ ఇంట్లో ఎవరి రిటర్నూ రెండో రోజు దాకా ఆగలేదు. ఊళ్లో మిగతావాళ్లు ఏప్రిల్ దాకా సాగదీసి అప్పుడు పరుగులు పెడతారు. నీ చెక్కు గుండుసూదితో గుచ్చాను. గుచ్చొద్దని వాళ్లు రాస్తూనే ఉంటారు, నేను గుచ్చుతూనే ఉంటాను. చిరునామా నాదే వేశాను. నువ్వు ఈ నెల డులూత్‌లో ఉంటావు, వచ్చే నెల ఎక్కడుంటావో నీకే తెలియదు.

పదమూడు వందల డాలర్లు కట్టాలనగానే నీ గుండె గుభేలుమనడం చూశాను. కరోనాకు హోటలు మూసేసి నిన్ను ఇంటికి పంపినప్పుడే చెప్పాను, నిరుద్యోగ భృతిలోంచి వారం వారం పన్ను పట్టుకోమని టిక్కు పెట్టమని. "ప్రభుత్వం ఇచ్చిన దాని మీద మళ్లీ ప్రభుత్వానికే పన్నేమిటి పెద్దమ్మా" అని నవ్వేశావు. తిని ఖర్చుపెట్టేసిన డబ్బు మీద పన్ను కట్టాలంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఏం చేస్తాం, చట్టం అలా ఉంది.

పన్ను కోసం అమ్మిన పడవ గురించి దిగులుపడకు. మీ నాన్న చేత్తో చేసిన పడవ పరాయివాళ్లకు పోలేదు, మీ అన్నయ్య వేన్ కొనుక్కున్నాడు. కలప లారీ పని పోయిన దగ్గర్నుంచి వాడు సోఫా దిగింది లేదు, సీసా వదిలింది లేదు. ఇప్పుడు పొద్దున్నే కొట్టంలోకి వెళ్లి పడవ చుట్టూ తిరుగుతున్నాడు. మీ అమ్మ ఎల్మా పోయి, తొమ్మిదేళ్ల పిల్లవై నువ్వు ఈ గడప తొక్కిన రోజు నుంచి నీకూ వాడికీ నేను తేడా చూడలేదు. రొట్టె కోసినా రెండు ముక్కలూ ఒకే మందంలో కోశాను. నీ దగ్గర ఉంటే ఏమిటి, వాడి దగ్గర ఉంటే ఏమిటి.

ఏలకుల రొట్టె ఒకటి విడిగా పంపుతున్నాను. నీ గదిలో ఉండే స్నేహితురాలికి కూడా పెట్టు, అంతా నువ్వే మింగకు.

నీ మేలు కోరే
సైమా పెద్దమ్మ


డులూత్
ఫిబ్రవరి 27

పెద్దమ్మా,

రొట్టె రెండు రోజుల్లో అయిపోయింది. స్నేహితురాలికి ఒక ముక్క పెట్టాను, చిన్నది.

రిటర్ను పంపినందుకు సంతోషం. చెక్కు బ్యాంకులోంచి వెళ్లిపోయింది కూడా. నిన్న ఖాతా చూసుకుంటే ఊడ్చిన గచ్చులా ఉంది.

ఒక మాట నీకు చెప్పలేదు. చెబితే పడవ అమ్మనిచ్చేదానివి కాదేమోనని దాచాను. ఎండాకాలానికి దీవిలో వసతిగృహం వాళ్లు నన్ను గైడు పనికి తీసుకుంటామన్నారు. చేపల వేటకొచ్చే టూరిస్టులను సరస్సు మీద తిప్పే పని. పదేళ్ల నుంచి అడుగుతున్నాను, ఇన్నాళ్లకు సరేనన్నారు. ఒక్కటే షరతు, సొంత పడవ ఉండాలి. పడవ లేదని మొన్న ఫోన్ చేసి చెప్పాను. వసతిగృహం పెద్దాయన పాపం బాధపడ్డాడు. "వంటింట్లో గిన్నెలు తోమేందుకు మనిషి కావాలి, వస్తావా" అన్నాడు. వస్తానన్నాను. మే నెలలో వెళ్తాను.

ఆ రేవులో ప్రతి రాయీ నాకు తెలుసు. నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఇప్పుడు కిటికీలోంచి ఇంకెవరో టూరిస్టులను ఎక్కించుకుని వెళ్తుంటే నేను మూకుళ్లు రుద్దుతూ చూస్తాను. పోనీలే, పన్ను ఎగ్గొట్టేవాళ్లం కాదు కదా మనం.

వేన్ అన్నయ్యతో చెప్పు, పడవకు ఏ రంగైనా వేసుకోమను గానీ ముక్కు మీద అమ్మ పేరు మాత్రం చెరపొద్దని.

నీ తిక్క పిల్ల
కైసా


డులూత్
మార్చి 20

పెద్దమ్మా,

ఈ ఉత్తరం బట్టలు ఉతికే మిషను ముందు కూర్చుని రాస్తున్నాను. టీవీలో ఒకాయన చెబుతున్నాడు. కిందటి ఏడాది వచ్చిన నిరుద్యోగ భృతిలో మొదటి పది వేల రెండు వందల డాలర్ల మీద పన్ను లేదట. పదకొండో తేదీన ఆ చట్టం మీద సంతకం పడిందట. పక్కనున్న ఆవిడ చప్పట్లు కొట్టింది. ఆవిడ ఇంకా రిటర్ను వేయలేదు.

నాకు వచ్చింది ఇరవై ఒక్క వేలు. బట్టల మిషను రసీదు వెనక లెక్క వేశాను. కట్టాల్సింది రెండు వందలు కూడా కాదు. రెండు వందలకు పడవ అమ్ముకుంటామా?

నేను పెట్టిన తొందర కాదు ఇది, మన ఇంటి తొందర. మొదటి రోజే పంపాలి, చెక్కు కూడా గుచ్చి మరీ పంపాలి. చెక్కు ఏప్రిల్ దాకా ఆపినా ఎవరూ ఏమీ అనరట, ఇప్పుడే తెలిసింది. నెల రోజులు, పెద్దమ్మా. నెల రోజులు ఆగి ఉంటే నేను మే నెలలో పడవ వేసుకుని దీవికి వెళ్లేదాన్ని.

ఇప్పుడు ఏం చేయాలి? దిద్దిన రిటర్ను ఇంకోటి పంపాలా? ఇలాంటిది వస్తోందని ముందు ఎక్కడైనా చదివావా నువ్వు? పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేదానివి కదా, అందుకని అడుగుతున్నాను.

కైసా


కల్లియో రేవు
ఏప్రిల్ 2

కైసా పిల్లకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

ముందు పని సంగతి. ఇంకో రిటర్ను పంపకు. పన్నులవాళ్లే చెప్పారు, ఇప్పటికే వేసినవాళ్లు మళ్లీ ఏమీ పంపనక్కర్లేదట, వాళ్లే వెతికి లెక్క దిద్ది ఎక్కువ కట్టింది వెనక్కి పంపుతారట. నువ్వు ఇంకోటి పంపావంటే రెండూ కలిసి చిక్కుముడి పడుతుంది. చెక్కు ఈ ఇంటికే వస్తుంది, వచ్చిన రోజే నీకు పంపుతాను. మే నుంచి అంటున్నారు. కాగితం మీద వేసినవాళ్లకు ఇంకా ఆలస్యమవుతుందేమో.

ఇక్కడ మంచు కరిగి కొట్టం ముందంతా బురద. శనివారం ఆవిరి స్నానానికి కట్టెలు తడిసి పొగ తప్ప వేడి రాలేదు. కుక్కకు పన్ను పీకించాం, వంద డాలర్లు. నా పన్నే ఊడదీసుకుంటే అంత కాదు.

వేన్ రిటర్ను ఇంకా వేయలేదు, వాడు కాగితాలు ఎప్పుడు సమయానికి తెచ్చాడు గనక. పడవ అడుగుకు తారు పూస్తున్నాడు. సీసా ముట్టి ఆరు వారాలైంది. పిల్లలిద్దరిలో ఎవరికి ముల్లు గుచ్చుకున్నా నా కాలిలోనే దిగుతుంది, నీకు తెలుసు.

మీ పెద్దమ్మ


దీవి, వసతిగృహం వంటిల్లు
జూన్ 6

పెద్దమ్మా,

ఇక్కడ ఫోన్ పలకదు. తపాలా వారానికి రెండుసార్లు స్టీమరులో వస్తుంది, కాబట్టి ఇప్పుడు నేను కూడా నీలాగే ఉత్తరాల మనిషినయ్యాను.

గురువారం స్టీమరులో వేన్ వచ్చాడు. నాకు తెలియదు, నువ్వు పంపావో వాడే వచ్చాడో. మాంసం కూరిన పాస్టీలు బుట్టెడు తెచ్చాడు. గడ్డం గీసుకుని, తల దువ్వుకుని, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా ఉన్నాడు. రేవు చెక్కల మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాం. నాకు మనసు తేలికపడింది కూడా. పాస్టీ సగం తిన్నాను.

అప్పుడు మాటల్లో అన్నాడు, "నాకు ఈసారి ఒక్క డాలరు కూడా కట్టే పని పడలేదే. అమ్మ నాది ఆపింది కదా" అని.

"ఎందుకు ఆపింది?" అన్నాను.

"వాషింగ్టన్‌లో బిల్లు పెట్టారని పేపర్లో చూశాను. ఆపమన్నాను."

"ఎప్పుడు చూశావు?"

"నీ కవరు పోయిన రోజే. కాస్తలో తప్పిపోయింది నీది" అన్నాడు. పాస్టీ నములుతూ అన్నాడు.

ముప్పై ఏడేళ్లుగా రెండో రోజు దాకా ఆగని ఇంట్లో వాడిది ఎందుకు ఆగిందో అప్పుడు అర్థమైంది. బిల్లు సంగతి తెలిసి, నా పడవ కొట్టంలో పెట్టుకుని, ఫిబ్రవరి అంతా నోరు మూసుకున్నాడు. "కైసా, చట్టం మారేట్టుంది, డబ్బు సర్దుబాటు చేస్తాను, పడవ నీ దగ్గరే ఉండనీ" అని ఒక్క ముక్క అంటే వాడి సొమ్మేం పోయేది? వాడికి పడవ చవకగా వచ్చింది, ఊరుకున్నాడు.

"ఇంకెప్పుడూ ఈ దీవికి రాకు" అన్నాను. వాడు తెల్లమొహం వేశాడు. "నేనేం చేశానే" అంటూ నిలబడ్డాడు. లోపలికి వచ్చేసి తలుపు వేసుకున్నాను. తిరుగు స్టీమరు సాయంత్రం దాకా లేదు. అంతసేపూ రేవులోనే కూర్చున్నాడట, వంటవాడు చెప్పాడు. బుట్ట అక్కడే వదిలి వెళ్లాడు.

నిన్ను ఏమీ అనను. నువ్వు తెల్లారకుండానే జెండా ఎత్తుతావు, డేల్ ఎనిమిదికల్లా వస్తాడు. నీ కొడుకు లేచి పేపరు పట్టుకునేసరికి కవరు ఎక్కడో ఉంటుంది. వెళ్లిపోయిన దాన్ని నువ్వేం చేస్తావు. కడుపున పుట్టినవాడిని నా దగ్గర బయటపెట్టలేక ఏప్రిల్‌లో ఏదో సర్ది చెప్పావు, అదీ అర్థమైంది. ఈ లోకంలో నాకు ఇంకా నమ్మకమున్నది నీ ఒక్కదాని మీదే.

నీ కైసా


కల్లియో రేవు
జూన్ 25

కైసా పిల్లకి,

నిన్న రేవులో నడివేసవి పండగ మంట వేశారు. జనం తక్కువ, అందరికీ ఇంకా జబ్బు భయం పోలేదు. కాఫీ మాత్రం పెద్ద కుండతో కాచారు. నేను కాసేపు నిలబడి వచ్చేశాను.

వేన్ మీద అంత కోపం పెట్టుకోకు. వాడికి నీ గైడు పని సంగతి తెలియదు, నేను చెప్పలేదు. వాడు లోకం తెలిసినవాడు కాదు. బిల్లు అన్నది అప్పటికి పేపర్లో రెండు అంగుళాల వార్త. అలాంటివి వంద పెడతారు, ఒకటి నిలుస్తుంది. జరిగింది జరిగింది. కాలం గడిస్తే నువ్వే నవ్వుకుంటావు.

దీవిలో దోమలు ఎక్కువట. పొడుగు చేతుల చొక్కాలు రెండు పంపుతున్నాను. వేన్‌వే, ఉతికి పెట్టాను.

పెద్దమ్మ


దీవి
ఆగస్టు 11

పెద్దమ్మా,

చొక్కాలు తిరిగి పంపుతున్నాను. వాడివి నాకు వద్దు. వాడు రాసిన ఉత్తరం కూడా ఇందులోనే ఉంది, విప్పలేదు.

నువ్వు నవ్వుకుంటానన్నావు. రోజుకు రెండు వందల పళ్లాలు తోముతున్నాను. గైడుగా వచ్చిన కుర్రది సిన్సినాటి నుంచి వచ్చింది, మంచిదే. మొన్న పొగమంచులో ఉత్తరపు కొమ్ము దగ్గర రాళ్ల మీదికి ఎక్కించింది. ఆ రాళ్లు నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. పడవ అడుగు చీలిందని అందరూ పరుగెత్తారు, నేను సబ్బు చేతులతో గుమ్మంలో నిలబడ్డాను. పెద్దాయన నా వైపు చూసి తల దించుకున్నాడు. అయినా వచ్చే ఏడాదికి ఆ పిల్లనే ఉంచుతామని నిన్న కాగితం రాసుకున్నారు. నా వంతు అయిపోయింది.

చెక్కు వచ్చిందా? ఇక్కడ చాలామందికి వచ్చేసింది. వాడి క్షేమం నాకు రాయకు. అడిగానని కూడా చెప్పకు, ఎందుకంటే నేను అడగలేదు.

కైసా


కల్లియో రేవు
సెప్టెంబరు 18

కైసా,

చెక్కు వచ్చింది. దీనితో పెట్టాను. లెక్క దిద్దామని పన్నులవాళ్లు రాసిన కాగితం కూడా ఉంది. వడ్డీ కొంచెం కలిపారు.

దీన్ని కవరులో పెట్టి మూయబోయి నాలుగు రోజులైంది. మూయలేకపోతున్నాను. ఇంకో సంగతి రాయాలి. చదివేటప్పుడు కూర్చో.

ఆ శుక్రవారం నేను ఏడింటికి జెండా ఎత్తాను, అది నిజమే. కానీ ముందు రోజు రాత్రంతా మంచు పడింది. దారి చదును చేసే బండి రాలేదు, డేల్ ఎనిమిదికి రాలేదు. తొమ్మిదిన్నరకు వేన్ పక్కింటి నుంచి పేపరు తెచ్చి నా ముందు పరిచాడు. వార్త మీద వేలు పెట్టాడు. "అమ్మా, నాది ఆపు" అన్నాడు. వాడి కాగితాలు అంటించకుండా బల్ల మీదే ఉన్నాయి, పక్కన పెట్టాను. వెంటనే, "మరి కైసాది?" అన్నాడు.

వాడే అడిగాడు, కైసా. నాకంటే ముందు వాడికి గుర్తొచ్చావు.

"ఎనిమిదికే వెళ్లిపోయింది" అన్నాను.

వాడు ఎప్పుడూ కిటికీకి వీపు పెట్టి కూర్చుంటాడు. నాకు ఎదురుగా జెండా కనిపిస్తూనే ఉంది, మంచులో ఎర్రగా. డేల్ పన్నెండూ పదికి వచ్చాడు. రెండున్నర గంటలు నేను ఆ కుర్చీలో కూర్చుని జెండా చూశాను. మన మెట్ల నుంచి ఆ పెట్టెకు నలభై అడుగులు, చిన్నప్పుడు నువ్వే లెక్కపెట్టావు. మంచులో బూట్లు తొడుక్కుని వెళ్లినా ఐదు నిమిషాల పని.

ఎందుకు లేవలేదో చెబుతాను. కవరు వెనక్కి తెస్తే నీ చెక్కు నీకు మిగిలేది, వేన్ డబ్బు వేన్‌కు ఇచ్చేసేదానివి, పడవ తిరిగి నీకు వచ్చేది. ముందు రోజు సాయంత్రం నాలుగు నెలల తర్వాత వాడు గడ్డం గీసుకున్నాడు. కొట్టంలో పడవ పక్కన నిలబడి ఈల వేస్తున్నాడు. నాకు వినపడదు గదా, పెదవులు చూశాను. ఆ పడవ పోతే వాడు మళ్లీ ఆ సోఫాలో పడతాడనీ ఇంక లేవడనీ భయపడ్డాను. నీకు చేతులున్నాయి, తెలివి ఉంది, నిన్ను ఎక్కడ వదిలినా బతుకుతావనుకున్నాను. గైడు పని సంగతి అప్పటికి నాకు తెలియదు. తెలిసినా లేచేదాన్నని ఒట్టు వేయలేను.

నీకూ వాడికీ తేడా చూడలేదని ఇరవై ఏళ్లుగా చెప్పుకున్నాను. ఆ రోజు చూశాను. తర్వాత నువ్వు వాడి మీద విరుచుకుపడితే అదీ చూస్తూ కూర్చున్నాను, ఎందుకంటే నువ్వు నన్ను నమ్ముతున్నానని రాశావు. ఆ మాట పోగొట్టుకోలేకపోయాను.

చొక్కాలు తిరిగొచ్చిన రోజు వాడు వాటిని ముఖానికి పెట్టుకుని కూర్చున్నాడు. పడవను ఒడ్డుకు లాగి బోర్లించాడు. నెల రోజులుగా నీళ్లలోకి దించలేదు. మళ్లీ తాగుతున్నాడు. పడవకు వాడు వేసిన రంగల్లా మీ అమ్మ పేరుకే, అక్షరాలు మళ్లీ దిద్దాడు. నేను చేసింది వాడికి ఇంకా చెప్పలేదు. అడిగితే పడవ ఇచ్చేస్తాడు. అడుగు.

సైమా


దీవి
అక్టోబరు 3

పెద్దమ్మకు,

పైన ఏమని రాయాలో తెలియక రెండు స్టీమర్లు వదిలేశాను. వేరే పిలుపు నాకు లేదు, అందుకని అదే రాశాను.

చెక్కు అందింది. పదకొండు వందల పద్నాలుగు డాలర్లు, పైన వడ్డీ. నన్ను ఎప్పుడూ చూడని ఎవరో ఒక గుమస్తా కోట్ల కాగితాల్లో నా కాగితం వెతికి, నేను అడగకుండానే దిద్ది పంపాడు. నాకు రొట్టె కోసి పెట్టిన మనిషి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని వారమంతా చూశాను.

నువ్వు వాడి వైపు మొగ్గినందుకు కాదు నా ఏడుపు. కన్నతల్లివి, మొగ్గుతావు. ఆ రోజు ఫోన్ చేసి, "పడవ వేన్‌కు వదిలెయ్యి, వాడు మునిగిపోతున్నాడు" అని ఉంటే వదిలేసేదాన్ని. నా జవాబు నీకు సగమే వినపడేది, ఆ సగం సరే అనే ఉండేది. నువ్వు అడగలేదు, తీసుకున్నావు. తీసుకుని, దొంగతనం వాడి నెత్తిన పెట్టావు. నా చేత నా అన్నను రేవులో సాయంత్రం దాకా కూర్చోబెట్టించావు. అది నేను దిద్దుకోలేను, ఏ ఆఫీసూ దిద్ది పంపదు.

వేన్ అన్నయ్యకు విడిగా రాశాను. క్షమించమని మాత్రమే రాశాను, పాస్టీలు బాగున్నాయని రాశాను. నువ్వు చేసింది రాయలేదు, అది నీ నోటితోనే చెప్పాలి. వాడు ఆ ఉత్తరం విప్పేలోపు చెప్పు. పడవ వాడి దగ్గరే ఉండనీ. నీ కోసం కాదు. వచ్చే వారం నేను మన రేవులో దిగినప్పుడు దాన్ని నీళ్లలో చూడాలి, లోపల వాడు ఉండాలి.

నీ ఇంటికి వస్తాను, అన్నయ్య కోసం వస్తాను, భోజనం చేస్తాను. ఫిబ్రవరిలో నా కాగితాలు మాత్రం నీ బల్ల మీద పెట్టను. నేనే రాసుకుంటాను, ఎన్ని తప్పులు పోయినా సరే. కవరు పెట్టెలో పెట్టి, జెండా ఎత్తి, డేల్ వచ్చేదాకా ఎంత మంచు పడినా అక్కడే నిలబడతాను. నీకు కిటికీలోంచి కనిపిస్తాను.

కైసా